గాడిలో పుట్టిన దేవుడు, లెక్కలో దాక్కున్న మనం



డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో వెదురుబద్దలు చీల్చి, రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు కడతాం. గోడలకు సున్నం పడుద్ది. కుర్రాళ్ళు డప్పులు పట్టుకుని రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారు. అప్పు చేసైనా పిల్లలకు కొత్త గుడ్డలు కుట్టిస్తాం. దీనికి మాకేం అభ్యంతరం లేదు. ఏడాదికి ఒక్క రాత్రి పల్లె ధగధగ వెలుగుతుంటే ఊరు ఎట్లా చూస్తుందో కూడా మాకు తెలుసు.

అయితే ఈ నెల వచ్చేసరికి మన మీటింగుల్లో ప్రతి ఏడాదీ ఒక తగువు. క్రిస్మస్ పాస్టర్ల పని, అంబేడ్కర్ జయంతి మన పని అని కొందరు మిత్రులు. ఉద్యమం వేరు, వాక్యం వేరు, మీ పత్రికలో యేసయ్య సంగతి ఎందుకని అటునుంచి గుడి పెద్దలు. ఇద్దరూ తెలియకుండానే ఒకే మాట చెబుతున్నారు. దేవుడి సంగతికీ మన ఒంటి సంగతికీ సంబంధం లేదని. మేం ఇది ఒప్పుకోం. మాలో ఆదివారం గుడికి పోయేవాళ్ళూ ఉన్నారు, దేవుడే లేడనే వాళ్ళూ ఉన్నారు. క్రిస్మస్ అసలు ఏం చెబుతుందో ముందు సరిగ్గా విందాం. నమ్మడం, నమ్మకపోవడం తర్వాత.

అది చెప్పేది, దేవుడు మనిషయ్యాడని. మనిషి వేషం వేశాడని కాదు. తల్లి పాలు తాగి, పక్క తడిపి, ఆకలికి ఏడ్చి, కొడితే వాచే ఒళ్ళు తొడుక్కున్నాడని. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో 'శరీరధారి' అని మనం చదువుకుంటున్న చోట గ్రీకులో ఉన్న మాటకు సూటి అర్థం మాంసం. అంతకంటే గౌరవమైన మాట దొరక్క కాదు, కావాలనే ఆ మాట వాడాడు.

ఇది ఆ రోజుల్లోనే చాలామందికి మింగుడు పడలేదు. అంతటి దేవుడేంది, ఈ చెమట కంపులోకి రావడమేంది అన్నారు. యేసు మనిషిలాగా కనిపించాడే గానీ నిజంగా మనిషి కాలేదనీ, ఆకలీ రక్తమూ అంతా కనికట్టనీ బోధించేవాళ్ళు మొదటి రెండు శతాబ్దాల్లోనే బయల్దేరారు. యేసు శరీరంతో వచ్చాడని ఒప్పుకోని బోధ దేవుడిది కాదని యోహాను మొదటి పత్రికలో తెగేసి చెప్పాల్సొచ్చింది. తర్వాత 451లో కల్సెదోను మహాసభ, ఈయన పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని తీర్మానం రాసింది. దేవుడు గొప్పవాడని ఒప్పుకోవడానికి అంత పోట్లాట జరగలేదు. ఆయనకు నిజమైన ఒళ్ళు ఉందని ఒప్పుకోవడానికే జరిగింది.

ఎక్కడో గ్రీకుదేశపు తగువు మనకెందుకంటారా? అంటరానితనం అంటే మొత్తం ఒంటి సంగతే గనక. పొలంలో మన చెమట పనికొస్తుంది, మన చెయ్యి తగిలిన కుండ మాత్రం పనికిరాదు. మనం కోసిన వడ్లు మైల కావు, మనం కూర్చున్న అరుగు మైల. పవిత్రమైనది ఒక పక్క, మాంసం, తోలు, రక్తం, శవం ఇంకో పక్క ఉండాలన్నది మనువు లెక్క. క్రిస్మస్ ఆ లెక్కను మొదట్లోనే కొట్టేసింది. అన్నిటికన్నా పవిత్రమైనది మాంసంలోకి వచ్చింది, వచ్చినా మైలపడలేదు అంటుంది. చచ్చి లేచాక కూడా ఆ ఒంటిని వదిలెయ్యలేదు, మేకుల గాయాలు అట్లాగే ఉన్నాయి. నమ్మని తోమాను ఏమన్నాడు? తాకి చూడమన్నాడు. దేవుడే నన్ను తాకు అన్నాడంటే, అది మన దేశంలో ఎంత పెద్ద మాటో ఒక్కసారి ఆలోచించండి.

అవతారాలు మాకూ ఉన్నాయి గదా అంటారు ఊళ్ళో పెద్దలు. కృష్ణుడు చెరసాలలో పుట్టి గొల్లపల్లెలో పెరిగాడు, మేం కాదనం. అయితే ఆయన చెరసాలలో పుట్టినా రాజుల వంశంలోనే పుట్టాడు, పెద్దయ్యాక ద్వారక కట్టుకున్నాడు. నజరేతువాడు వడ్రంగి పని చేసుకున్నాడు. ఆ ఊరి పేరు చెబితేనే అక్కణ్ణించి మంచిదేదన్నా వస్తుందా అని ఒకడు వెక్కిరించినట్టు యోహాను సువార్తలోనే ఉంది. మన పల్లె పేరు చెబితే కాలేజీలో, ఆఫీసులో ఎదుటివాడి ముఖం ఎట్లా మారుతుందో తెలిసినవాళ్ళకు ఆ వెక్కిరింపు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక పుట్టిన చోటు. 'పశువుల తొట్టి' అని చదువుకుంటూ పోతాం, ఇప్పుడు గుళ్ళో అట్టపెట్టెలతో అందంగా కూడా చేస్తున్నారు. మన నాయనలు దాన్ని గాడి అనేవాళ్ళు. దొరల గొడ్ల చావిట్లో ఎడ్లకు జొన్న చొప్ప వేసే గాడి. మాలో కొందరి తండ్రులు చిన్నప్పుడు పాలేర్లుగా ఉండి ఆ చావిట్లోనే పడుకున్నారు, పేడ ఎత్తారు, కుడితి పోశారు, దొరసాని పైనుంచి పోస్తే దోసిలితో మజ్జిగ తాగారు. చావిడి దాకా రానిచ్చేవాళ్ళు. ఇంటి గడప మాత్రం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. సత్రంలో చోటు లేక గొడ్ల దగ్గర పడుకున్న పిల్లవాడి కథ విన్నప్పుడు మా నాయనలకు ఇది పరలోకపు కథ అనిపించలేదు. 'మన చావిడే' అనుకున్నారు. ఆ కబురు మొదట విన్నది కూడా రాత్రిపూట మంద కాచుకునేవాళ్ళే. నలభయ్యో రోజున మరియ గుడికి తీసుకెళ్ళింది గొర్రెపిల్లను కాదు, గువ్వల జతను. గొర్రెపిల్లను కొనలేనివాళ్ళ కోసం ధర్మశాస్త్రం పెట్టిన సడలింపు అది. ఆ తల్లి బీదతనానికి లూకా ఇచ్చిన సాక్ష్యం ఆ రెండు పిట్టలు.

ఇంకొక మాట. దేవుడు మన మధ్య నివసించాడు అని యోహాను రాసిన చోట గ్రీకు క్రియకు అర్థం డేరా వేసుకోవడం. 1985 జూలై 16న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీళ్ళ చెరువు దగ్గర గొడ్లకు కుడితి పెట్టి నీళ్ళు పాడు చేస్తుంటే అడిగినందుకు గొడవ మొదలైంది. కడవ ఎత్తి ఎదురు నిలిచిన ఆడమనిషి పేరు మున్నంగి సువార్త. మరుసటి రోజు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరం వేసుకున్నారు. ఈ ఉద్యమం ఆ శిబిరంలో పుట్టింది. ఆ రోజుల్లో మేం చిన్నపిల్లలం, పెద్దలు చెబితే విన్నాం. దేవుడు డేరా వేసుకున్నాడన్న మాటకు ఆ శిబిరం కన్నా మంచి బొమ్మ మాకు ఏ గుడి గోడ మీదా కనబడలేదు. ఆరేళ్ళకు, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చంపబోయే ముందు నీకు బాప్తిస్మం అయిందా అని రెండు చోట్లా ఎవడూ అడగలేదు.

పొట్టకూటికి మతం మారారని మనల్ని ఎగతాళి చేసేవాళ్ళకు ఒంగోలు చరిత్ర చెప్పాలి. అక్కడ క్లౌ దొర కంటే ముందు నడిచింది ఎర్రగుంట్ల పేరయ్య, తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగ. ఊరూరా తిరిగి తనవాళ్ళకు కబురు చెప్పింది ఆయన. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలవ పని కాంట్రాక్టుకు తీసుకుని దొర వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ మాత్రం బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది మునిగారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషుల్ని చెయ్యి పట్టుకుని నీళ్ళలో ముంచి లేపారు. అయినా పొట్ట కోసమే వచ్చారనుకుందాం, తప్పేముంది? దేవుడు తొడుక్కున్న ఒంట్లో పొట్ట కూడా ఉంది గదా.

కానీ ఆ తర్వాత మన గుళ్ళు చేసిందేంటి? కనికట్టు అన్న ఆ పాత బోధను దొడ్డిదారిన లోపలికి తెచ్చుకున్నాయి. ఆత్మ, రక్షణ, పరలోకం. ఒంటి మాట ఎత్తితే లోకసంబంధం. నీ కష్టాలకు నీ పాపమే కారణమని చెబితే, చుట్టూ ఉన్న దుర్మార్గపు సమాజం మీద ఎదురు తిరగాలన్న ఊపు మనిషిలో చచ్చిపోతుందని అంబేడ్కర్ ఎప్పుడో రాశారు. మాకు తెలిసిన ఒక చోట ఒకే యేసుకు రెండు సమాధుల తోటలు, మధ్యలో ముళ్ళకంచె. ఇంకో చోట మాల పాస్టరు చేతి రొట్టె మాదిగలు, మాదిగ పాస్టరు చేతి రొట్టె మాలలు తినరు. పెళ్ళి సంబంధాల దగ్గర మనందరం మనువు శిష్యులమే. ఇది రాస్తుంటే సిగ్గేస్తుంది, అయినా రాయాలి. నాయకులొచ్చి కేకు కోసి టోపీ పెట్టుకుని ఫొటో దిగే సభలకు కుర్చీలు మోస్తాం. ఆ సభలో ఒక్క పాస్టరన్నా మరియ పాడిన పాటలో సింహాసనాల మీదివాళ్ళ గతీ, ధనవంతులు వట్టిచేతులతో పోవడమూ చదివి వినిపించడం మేం చూడలేదు.

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణానికి వస్తాం. లూకా చెప్పిన క్రిస్మస్ నక్షత్రంతో మొదలు కాదు. నక్షత్రం మత్తయి సువార్తలోది. లూకాలో మొదలయ్యేది జనాభా లెక్కలతో. రోము చక్రవర్తి ఔగుస్తు ప్రజల సంఖ్య రాయమన్నాడు, దానికోసం యోసేపు నిండు చూలాలిని వెంటబెట్టుకుని బేత్లెహేము పోయాడు. (ఆ లెక్కల సంవత్సరం మీద చరిత్రకారులకు పేచీ ఉంది. అది మన తగువు కాదు.) దేవుడు మనిషవడమంటే సర్కారు పుస్తకంలో ఒక పేరుగా, ఒక వంశంగా, ఒక ఊరుగా ఎక్కడం కూడా.

మాలో బడిపంతుళ్ళం 2011 లెక్కలకు ఎన్యూమరేటర్లుగా తిరిగాం. ఒక ముసలమ్మ ఇంట్లో గోడ మీద యేసయ్య పటం, తలగడ కింద బైబిలు. మతం ఏంటమ్మా అంటే తల దించుకుని, 'హిందూ అని రాయి సారూ' అంది. కాసేపాగి, 'మనవడి సర్టిఫికెట్టు పోద్దంట గదా' అంది. మేం రాసుకున్నాం. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి మళ్ళీ పిలిచింది. 'యేసయ్యకు కోపం రాదు గదయ్యా?' మాకు జవాబు తోచలేదు. చదువు చెప్పేవాళ్ళం, ఆ గడపలో మూగవాళ్ళమై నిలబడ్డాం.

ఆమె చేత ఆ మాట అనిపించింది 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాదంది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధులకు తలుపు తీశారు. క్రైస్తవులకూ ముస్లింలకూ తియ్యలేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్.సి.లను బి.సి.–సి లో వేసి 1 శాతం ఇచ్చారు. మతాన్నిబట్టి తేడా చూపొద్దని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో సిఫారసు చేసింది. 2022లో మళ్ళీ బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఈ చట్టం ఏమంటుంది? నీళ్ళలో మునిగి లేచేసరికి నీ ఒంటిమీది కులం పోయింది అంటుంది. అదీ కనికట్టు బోధే. ఊరు అట్లా అనుకోవడం లేదు. కారంచేడులో గొడ్డళ్ళు అట్లా అనుకోలేదు.

మన పాస్టర్లు కొందరు ఆ ముసలమ్మ లాంటివాళ్ళను పులిపీఠం మీదనుంచి తిడుతున్నారు. రెండు పడవల మీద కాళ్ళు, దొంగ సర్టిఫికెట్ల క్రైస్తవులు, దేవుణ్ణి అమ్ముకున్నారు అని. అయ్యగార్లకు మా ప్రశ్న. మనవడి చదువు కోసం పేరు దాచుకున్న తల్లిని తిట్టే నోరు, దాచుకునేట్టు చేసిన ఉత్తర్వును ఎన్ని ఆదివారాలు తిట్టింది? దేవుణ్ణీ ఒంటినీ విడదీసి ఏదో ఒకటే రాయించుకో అంటున్నది ఆమె కాదు, సర్కారు.

2027 జనాభా లెక్కలకు 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. 1931 తర్వాత మొదటిసారి అందరి కులమూ రాస్తామన్నారు. మళ్ళీ మనలోనే పంతుళ్ళు కాగితాలో ఫోన్లో పట్టుకుని మన పల్లెలకే వస్తారు. అందుకే సంఘ మిత్రులను అడుగుతున్నాం. ఈ క్రిస్మస్‌కు ప్రతి పల్లెలో పాటల జట్టు బయల్దేరే ముందు ఒక గంట గుళ్ళో కూర్చోండి. మాల గుడి, మాదిగ గుడి కలిసి కూర్చుంటే ఇంకా మంచిది. లూకా రెండో అధ్యాయం చదవండి, 1950 ఉత్తర్వు మూడో పేరా చదవండి. మతం ఏదైనా కులం వల్ల పడ్డ దెబ్బ దెబ్బే, ఆ మూడో పేరా తీసెయ్యాలి అని తీర్మానం రాసి, గుడి పెద్దలూ సంఘం పెద్దలూ సంతకాలు పెట్టి ఎమ్మెల్యేకు, ఎంపీకి, కలెక్టరుకు పంపండి. కేకు కొయ్యడానికి వచ్చే నాయకుడుంటే కత్తి ఇచ్చే ముందు ఆ కాగితం ఇవ్వండి.

ఆ ముసలమ్మ మాలో ఒకరికి మొన్న మళ్ళీ కనబడింది. లూకా కథ చెప్పి, నీ యేసయ్య పుట్టడం కూడా లెక్కల రోజుల్లోనే అన్నారట. ఆమె చాలాసేపు ఆలోచించి అడిగిందట: 'అట్టయితే ఆ రోమోళ్ళు వచ్చినప్పుడు మరియమ్మ ఏమని రాయించింది సారూ?'