వ్యెలిచ్కాలో తెరవని గుహలు

పోలండులోని క్రాకుఫ్ నగరానికి చేరువనున్న వ్యెలిచ్కా ఉప్పు గనిని చూసి వచ్చినవారు సాధారణంగా కింగా దేవాలయం గురించే చెబుతారు. చెప్పుకోదగినదే. భూమికి 101 మీటర్ల దిగువన, ఉప్పు రాతిని తొలిచి గనికార్మికులే మలచిన మందిరమది. 1896లో ఆరంభించిన పని దశాబ్దాల పాటు సాగింది. నేల ఉప్పు, గోడలు ఉప్పు, దీపగుచ్ఛాలలోని స్ఫటికాలూ ఉప్పే. అందరితో పాటు నేనూ నోరు తెరుచుకుని చూశాను.

అయినా నన్ను పట్టి నిలిపినది అంతకుముందే కనిపించిన అంతోనీ ప్రార్థనాలయం. పదిహేడవ శతాబ్దాంతానికి చెందినది. అక్కడి ఉప్పు విగ్రహాలలో కొన్నింటికి ముక్కూ కన్నూ ఆనవు. ఎవరూ విరగగొట్టలేదు. పైనుండి దిగివచ్చే తేమగాలి మూడు శతాబ్దాలుగా వాటిని కొద్దికొద్దిగా కరిగిస్తూ వచ్చింది. వానాకాలంలో మూత పెట్టని ఉప్పుజాడీ గతి మన ఇళ్ళలో ఎరుగనివారుండరు. ఇక్కడ ఆ జాడీ ఒక ఊరంత ఉన్నది.

1978లో యునెస్కో తొలి వారసత్వ జాబితాలో చేరిన ఈ గని, 1989లో ప్రమాదంలో ఉన్నవాటి పట్టికకు ఎక్కింది. కారణం ఈ తేమే. పందొమ్మిదవ శతాబ్దం చివర కృత్రిమంగా గాలి పంపడం మొదలుపెట్టిన నాటి నుండి అది పెరిగింది. తేమను పీల్చే యంత్రాలు అమర్చిన తరువాత, 1998లో గాని ఆ పట్టిక నుండి బయటపడలేదు. అప్పటికి రెండేళ్ళ ముందే వ్యాపారార్థం ఉప్పు తవ్వడం ఆగిపోయింది. ఇప్పుడు లోపలికి వెళ్ళేది పలుగులు కాదు, మనం; మన ఊపిరిలోనూ నీరుంటుంది.

అదే గనిలో స్ఫటిక గుహలున్నాయి. గోడల నిండా ఉప్పు స్ఫటికాలు సహజంగా పెరిగిన చోటు. సాధారణ యాత్రికులకు అక్కడ ప్రవేశం లేదు. మా బృందంలో ఒకాయన, ఇంత దూరం రప్పించి అసలైనది దాచిపెట్టడమేమిటని విసుక్కున్నాడు. ఆ మాటను నేను తేలికగా కొట్టివేయలేను. కొందరు నిపుణులు మాత్రమే చూడగలిగే అందాన్ని లోకమందరి వారసత్వమని ఏ నోటితో అంటాము? ఈ ప్రశ్నకు నా దగ్గర తృప్తికరమైన జవాబు లేదు. ఐనా తలుపు మూసినవారి పక్షమే నాది. శిల్పం కరిగితే, అసలుకు సాటి కాకపోయినా, మరొకటి చెక్కవచ్చును. ఆ స్ఫటికాలను చెక్కిన చేయి లేదు, తిరిగి చెక్కమని అడగడానికి.

గనిలోని ప్రదర్శనశాలలో గుర్రాలు తిప్పిన పెద్ద పెద్ద కొయ్య చక్రాలున్నాయి. చీకటిలో బ్రతుకు వెళ్ళదీసిన ఆ మూగజీవుల సంగతి మరికాస్త చెప్పి ఉండవలసింది. అక్కడే ఒక అద్దాల పెట్టెలో ఉప్పు స్ఫటికాలు చూశాను. దగ్గరికి వంగితే అద్దం మీద నా ఊపిరి మసకగా కమ్మింది. రుమాలుతో తుడిచి, ఒక అడుగు వెనక్కి వేసి, పైకి తీసుకువెళ్ళే లిఫ్టుకు పిలుపు వచ్చేదాకా అక్కడే నిలబడి చూశాను.