కావలియోడ

2025 జూన్ 18న విశాఖపట్నంలో మన నౌకాదళంలో చేరిన 'ఐ.ఎన్.ఎస్. అర్నాలా'ను వార్తలలో 'యాంటీ సబ్‌మెరైన్ వార్‌ఫేర్ షాలో వాటర్ క్రాఫ్ట్' అన్నారు. ఆ పేరు పలకడం ముగిసేలోగా జలాంతర్గామి కాస్తా దాటిపోతుంది!

ఇది 77 మీటర్ల చిన్న ఓడ. పెద్ద యుద్ధనౌకలు స్వేచ్ఛగా తిరుగలేని లోతు తక్కువ నీటిలోనే దీని పని. అక్కడ ధ్వని సముద్రపు అడుగుకూ, పైనున్న అలలకూ తగిలి చెదరిపోతుంది. కనుక సోనార్‌తో శత్రువును పసిగట్టడం కష్టం. 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' మునిగినది విశాఖ రేవు సమీపంలోనే. ముప్పు ముంగిటిదాకా రాగలదనడానికి వేరే సాక్ష్యమెందుకు?

ఆ తీరజలాలలోనే మన మత్స్యకారుల వలలూ ఉంటాయి. తమ పడవల పక్కగా సాగే ఓడ దేనికోసమో వారికి తెలుగుమాటలో తెలియవలదా? 'జలాంతర్గామి' సంస్కృతపదమే అయినా జనం నోట నిలిచింది. దాని జాడ కనిపెట్టే ఈ చిన్న ఓడను, యడాగమంతో, 'కావలియోడ' అందామని నా మనవి. చేనికి కావలి ఉన్నట్లే తీరానికీ ఉండాలి కదా!

ఇంతకంటె మంచి మాట తోచిన మిత్రులు సెలవియ్యగలరు.