టీచరు చేతికి తీరికేదీ?

హైదరాబాద్ నాంపల్లి చాపెల్ రోడ్డులో ప్రభుత్వ పరీక్షల కార్యాలయం ఉంది. ఇంటర్ బోర్డూ నాంపల్లిలోనే. మార్కులు లెక్కగట్టే యంత్రాంగానికి ఇక్కడ కొదవలేదు. ఆ మార్కుల వెనకున్న టీచర్ల గోడు వినే ఓపికకే కరువు.

2024 అక్టోబరు 9న, ఆబిడ్స్‌కు కూతవేటు దూరంలోని ఎల్బీ స్టేడియంలో కొత్త టీచర్లకు నియామక పత్రాలిచ్చారు. డీఎస్సీ ప్రకటించిన పోస్టులు 11,062. సంతోషమే. నెల తిరక్కుండానే ఇంటింటి కుటుంబ సర్వే మొదలైంది. సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను) వీధుల్లోకి పంపి, ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ఒప్పుకున్న బోధనేతర పనులు మూడే: పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. రాష్ట్ర సర్వే ఏ కోవలోకి వస్తుందో ఏలినవారే చెప్పాలి.

ఆ ఏడాది డిసెంబరులోనే సమగ్ర శిక్ష ఒప్పంద ఉద్యోగులు క్రమబద్ధీకరణ, పే స్కేలు కోరుతూ సమ్మెకు దిగారు. కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు చెప్పేదీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆసరాగా నిలిచేదీ వీళ్లే. వెనకబడ్డ పిల్లలకు చేయందించమని ఉత్తర్వులిచ్చేవారు ఆ చేయి ఖాళీగా ఉందో లేదో చూడరు. సర్వేలకు వేరే సిబ్బందిని వెతకండి. ఒప్పంద ఉద్యోగుల జీతాల సంగతి ముందు తేల్చండి.