ఉక్కుకు దొరికిన సంకల్పం టీకాకు దొరకదా?

న్యూఢిల్లీ: భిలాయిలో స్థిరపడిన తెలుగువారికి మరోదా సుపరిచితమైన పేరు. అక్కడి జలాశయాల నీరే ఉక్కు కర్మాగారానికి ఆధారం. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరిన పిమ్మట యంత్రాలు, నిపుణులు, రుణం అక్కడినుంచే వచ్చాయి. కాని కర్మాగారం మాత్రం దేశానిదే. ఆ సోవియట్ రాజ్యమే 1991లో అంతరించినా భిలాయి కొలిమి ఆరలేదు. ఎయిడ్స్ టీకా పరిశోధన విషయంలో రాజధాని పెద్దలు మననం చేసుకోవలసిన పాఠం ఇది.

ఎందుకంటే, ఈ పరిశోధన ప్రపంచమంతటా అమెరికా నిధులపైనే అత్యధికంగా ఆధారపడి నడిచింది. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం స్తంభించగానే, దక్షిణాఫ్రికా నాయకత్వాన ఎనిమిది ఆఫ్రికా దేశాలు తలపెట్టిన టీకా పరిశోధన నిలిచిపోయింది. డ్యూక్ విశ్వవిద్యాలయం, స్క్రిప్స్ సంస్థల నాయకత్వంలోని రెండు పరిశోధక కూటములకు నిధులు పొడిగించబోమని అదే ఏడాది మే నెలలో అమెరికా ఆరోగ్య పరిశోధనా సంస్థ తెలియజేసింది. దాత మనసు మారితే ప్రయోగశాల తలుపు మూతపడుతుందని దీనితో తేటతెల్లమైంది.

ప్రయోగశాలలో జరిగే పనేమిటి? టీకా పొందిన వ్యక్తి సీరాన్ని పలు మోతాదులలో పలుచన చేసి, వైరస్‌తో కలిపి, మిణుగురు పురుగు జన్యువును చేర్చిన జీవకణాలపై ప్రయోగిస్తారు. వైరస్ చొరబడిన కణం, తగిన రసాయనం కలిపినప్పుడు, వెలుగునిస్తుంది. ప్రతిరక్షకాలు వైరస్‌ను అడ్డుకుంటే ఆ వెలుగు తగ్గుతుంది. ఒక నమూనాను పలు రకాల వైరస్‌లపై పరీక్షించాలి. నమూనాలు వేల సంఖ్యలో ఉంటాయి. మనిషి చేయి అలసినప్పుడు దొర్లే పొరపాటును నివారించడానికే 96, 384 గుంటల పళ్ళాలలో యంత్రహస్తం ద్రవాలను కొలిచే పద్ధతి ప్రవేశించింది. వేగం దీని ఒక ప్రయోజనం మాత్రమే. పూనాలోనూ, డర్బన్‌లోనూ వెలువడే ఫలితాలను ఒకే కొలబద్దపై పోల్చగలగడం అంతకంటె ముఖ్యం.

ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నదన్నదే అసలు ప్రశ్న. మన దేశంలో ప్రబలమైనది 'సి' రకం వైరస్. దానిపై పరీక్షించని టీకా మనకు ఎంతవరకు పనికివస్తుందో చెప్పలేము. 2005లో పూనాలో, 2006లో మద్రాసులో తొలి మానవ ప్రయోగాలు జరిగాయి. మద్రాసులో ప్రయోగించిన టీకాకు భారతీయ వైరసే మూలమైనా, తయారీ అమెరికాలోనే జరిగిందన్నది గమనార్హం. తరువాతి కాలంలో కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ఆధ్వర్యంలోని ఫరీదాబాద్ సంస్థ, అంతర్జాతీయ ఎయిడ్స్ టీకా సంస్థతో చేతులు కలిపి ప్రత్యేక ప్రయోగశాలను నెలకొల్పింది. పునాది పడింది, కట్టడం పూర్తికావలసి ఉన్నది.

హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్, హెటిరో సంస్థలు ఆరు నెలలకొక సూదితో వ్యాధిని నివారించే లెనకాపవిర్‌ను 2027 నుంచి ఏడాదికి సుమారు 40 డాలర్లకు అందిస్తామని 2025లో ప్రకటించిన మాట నిజమే. కనుక టీకా ఎందుకని అడిగేవారున్నారు. ఏటా రెండు సూదులను కోట్లాదిమందికి జీవితాంతం అందించడం వేరు, కొద్ది మోతాదులతో దీర్ఘకాలం నిలిచే రక్షణ వేరు. థాయిలాండులో 2009లో 31 శాతం ఫలితం కనిపించాక, 2020, 2021, 2023లలో వరుసగా మూడు పెద్ద ప్రయోగాలు విఫలమయ్యాయి. మార్గం సుదీర్ఘమే, అందుకే మన నిధులతో, మన నిపుణులతో, మన వైరస్‌పై పరీక్షించే శక్తి శాశ్వతంగా ఉండాలి.

దేశంలో 25 లక్షలకు పైగా హెచ్.ఐ.వి. బాధితులున్నారు. వ్యాప్తి జాతీయ సగటు 0.20 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దానికి సుమారు మూడు రెట్లు. తెలంగాణ కూడా జాతీయ సగటును మించే ఉన్నది. కనుక ఈ ప్రశ్నను పార్లమెంటులో ముందుగా లేవనెత్తవలసిన బాధ్యత తెలుగు సభ్యులదే. యంత్రాన్ని ఎక్కడైనా కొనవచ్చు. దానిని ఇరవయ్యేళ్ళు నడిపించే సంకల్పాన్ని మాత్రం ఏ దేశమూ ఎగుమతి చేయదు.