ఒక గిటారు... రెండు యాంప్లిఫయర్లు!

విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవమైనా సరే, శ్రీకాకుళం పల్లెల్లో అమ్మవారి సంబరమైనా సరే, రాత్రి స్టేజీ మీద సినిమా పాటల ఆర్కెస్ట్రా లేకపోతే కుర్రకారుకు తోచదు. ఘంటసాల సంగీతం నేర్చుకున్న ఊరు, సుశీల పుట్టిన ఊరు మరి విజయనగరం! అక్కడి జనం పాటంటే చెవి కోసుకుంటారు. అలాంటి జనం ముందు సోలో అందుకోబోతూ గిటారు కుర్రాడు కాలితో స్విచ్చి నొక్కాడనుకోండి... స్పీకర్లోంచి 'ఠప్'మని పేలుడు, దాని వెనకే 'భుం...' అంటూ తుమ్మెదల రొద. "ఏటి బాబూ ఆ గోల?" అని ముందు వరస మామ్మ అడగదూ?

రెండు యాంప్లిఫయర్లెందుకంటారా? ఒకటి మెలొడీ పాటకు తేటగా పలకడానికి. రెండోది గరగరలాడుతూ రాక్ సోలోకి. 1973లో హిందీ 'యాదోం కీ బారాత్'లో స్టేజీ మీది గిటారు చూసి మోజుపడ్డ తరం ఇప్పుడు తాతలైపోయింది గానీ (దాన్నే 1975లో తెలుగులో 'అన్నదమ్ముల అనుబంధం'గా తీశారు), ఆ మోజు మాత్రం మనవల్ని వదల్లేదు!

ముందు 'ఠప్' సంగతి. ఎక్కడో కెపాసిటర్లోంచి ఊరిన కాస్త డి.సి. వోల్టేజి, తెగి ఉన్న తీగ కొసన చేరి కూర్చుంటుంది. స్విచ్చి కలవగానే ఒక్కసారిగా దూకుతుంది. అదే పేలుడు. స్విచ్చి నుంచి పోయే రెండు దారుల్లోనూ 1 మెగ్ ఓమ్ రెసిస్టరు గ్రౌండుకు వేస్తే అది ఎప్పటికప్పుడు కారిపోతుంది. రూపాయల్లో పోయే పని.

'భుం' అంత తేలిక కాదు. రెండు యాంప్లిఫయర్లకీ మూడు పిన్నుల ప్లగ్గులు, అంటే రెండింటికీ ఎర్తు. పెట్టెలో రెండు కేబుళ్ళ గ్రౌండూ కలిసింది. ఇంకేం, ఎర్తు నుంచి ఎర్తుకి చుట్టు తిరిగి ఒక పెద్ద వలయం తయారైంది. మన 50 సైకిళ్ళ కరెంటు అందులో దూరి రాగం తీస్తుంది.

ఇక్కడే కొందరు చేసే ఘనకార్యం ఒకటుంది. ప్లగ్గులో ఆ మూడో పిన్ను విరిచేస్తారు! రొద ఠక్కున ఆగిపోతుంది. వైద్యం కుదిరిందనుకుంటారు. ఆ పిన్ను ఉన్నది పాట కోసం కాదు నాయనా, ప్రాణం కోసం. లోపల తీగ ఊడి డబ్బాకి తగిలితే, ఆ కరెంటు గిటారు తంతుల దాకా వస్తుంది. పెదవి మైకుకు ఆనిందా, అంతే! 1972లో ఇంగ్లండు పక్కనున్న వేల్సులో, స్వాన్సీ నగరంలో, స్టోన్ ది క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వే స్టేజీ మీదే ఎర్తు లేని మైకు పట్టుకుని చనిపోయాడు. 1976లో యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్‌ని ఇంట్లో, ఎర్తు సరిగా లేని గిటారే పొట్టన పెట్టుకుంది. మన సంబరాల్లో తడినేల, జెనరేటరు, అతుకుల వైర్లు... వేరే చెప్పాలా?

అంచేత ఎర్తు జోలికి పోకుండా, వలయాన్ని పెట్టెలోనే తెంచాలి. రెండో యాంప్లిఫయరుకి పోయే దారిలో 10 కిలో ఓములకి 10 కిలో ఓముల ఆడియో ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి. పాట అయస్కాంతం మీదుగా దాటుతుంది, గ్రౌండు దాటదు. అయితే గిటారు పికప్పు నేరుగా దాన్ని మోయలేదు, పాట నీరసపడుతుంది. స్విచ్చికి ముందు టి.ఎల్. 072తో చిన్న బఫరు, దానికో 9 వోల్టుల బ్యాటరీ తప్పవు. స్విచ్చి మూడు వరసలది కొనండి. ఒక వరస పాటకి, ఒకటి వాడని దారిని గ్రౌండు చెయ్యడానికి, మూడోది దీపాలకి. దీపం తీగని పాట తీగ పక్కన పోనివ్వకండి సుమా! అదో కొత్త 'టిక్కు'.

పెట్టె ఇనుపదో, అల్యూమినియందో కావాలి. కానీ ట్రాన్స్‌ఫార్మరు తరవాతి జాక్ మాత్రం ప్లాస్టిక్‌ది! లోహపు జాక్ బిగిస్తే పెట్టె ద్వారా గ్రౌండ్లు మళ్ళీ కలిసిపోతాయి, పడ్డ శ్రమంతా గోవిందా. అందుకే మూత బిగించేముందు, కేబుళ్ళేవీ పెట్టకుండా, రెండు అవుట్‌పుట్ జాకుల బయటి భాగాలకీ మీటరు ఆనించి చూడండి. బీప్ అన్నదంటే ఎక్కడో తగులుతున్నట్టే.