పురుగుకు తెలిసిన గాలి

మన ప్రాంతంలో పురుగు అనగానే మందు గుర్తుకు వస్తుంది గాని, అది ఎగిరే ప్రాణి అన్న సంగతి గుర్తుకు రాదు. మందుల పేర్లు వరుసగా చెప్పగల ప్రత్తి రైతుకు, ఆ పురుగు చీకటిలో దారి ఎట్లా వెదుక్కుంటుందో చెప్పినవారు అరుదు. ఈ లోపం రైతుది కాదు, చెప్పవలసినవారిది.

2007లో సంజయ్ సానే, ఆయన సహచరులు ప్రచురించిన ప్రయోగం ఒకటి ఉన్నది. రాత్రివేళ ఎగిరే పెద్ద రెక్కల పురుగుకు మీసాలు కత్తిరిస్తే అది అదుపు తప్పి గోడలకు గుద్దుకొన్నది. తెగిన ముక్కలనే జిగురుతో అతికిస్తే నిలకడ తిరిగి వచ్చింది! అతికించిన ముక్కలో నరం పనిచేయదు. కాబట్టి అక్కరకు వచ్చింది వాసన కాదు, మీసం బరువు. ఒళ్ళు ఏ పక్కకు తిరిగినా మీసం సన్నగా వంగుతుంది. దాని మొదట్లోని జాన్‌స్టన్ అవయవం ఆ వంపును పసిగడుతుంది. ఈగకైతే రెండవ జత రెక్కలే చిన్న గుండీలై ఈ పని చేస్తాయి.

అదే మీసం వాసననూ పడుతుంది. ఆడపురుగు వాసన తగలగానే మగది గాలికి ఎదురేగుతుంది. వాసన తెగితే ఇటూ అటూ అడ్డంగా ఊగుతూ మళ్ళీ వెదకుతుంది. గాలి వాలును తెలుసుకొనేది కంటితో, కింద కదిలే నేలను చూసి. చేలలో కట్టే లింగాకర్షక బుట్ట నిలిచింది ఈ నడక మీదనే. (బుట్టలో పడేవన్నీ మగవే అయినా మనం వాటిని తల్లిపురుగులనే అంటాము!) గులాబీ రంగు పురుగు విషయంలో బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే మందు ఆలోచించమంటారు. బుట్ట మొదట లెక్క చెప్పే సాధనం.

ఈ లెక్క లేక ఏమయిందో మనకు తెలియనిది కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి మీద శనగపచ్చ పురుగు విరుచుకుపడినపుడు పైరిత్రాయిడ్ మందులకు అది లొంగలేదు. కొట్టినకొద్దీ అప్పు పెరిగింది. రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప పూలలో నల్ల తామర పురుగు దిగినపుడూ మళ్ళీ పిచికారీలే. మిల్లీమీటరంత ఆ ప్రాణికి గాలి తేనెలా చిక్కన. రెక్కకు బదులు వెంట్రుకల కుచ్చు చాలు. గాలివాటున పొలాలు దాటే దానిని ఒక్క రైతు తన గట్లలోపల ఆపలేడు.

అందుకే బుట్టలు గాని, నీలిరంగు జిగురు అట్టలు గాని ఊరంతా ఒకేసారి కట్టాలని నా వాదన. అమరావతి దారిలోనే లాం పరిశోధనా స్థానం ఉన్నది. అక్కడి మాట ఊళ్ళలోకి మందుల కొట్టు ద్వారా గాక నేరుగా రావాలి. ఎర ఎప్పుడు మార్చాలో చెప్పేవారు లేక, గట్టున ఖాళీగా ఊగుతున్న బుట్టలు నేను చాలా చూశాను.