వాయిదా ఖర్చు ఎవరి పద్దులో?

గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని సామెత. మా పిన్ని గెలిచింది. బాబాయి పోయాక వాటా ఇవ్వనన్న మరిది మీద దావా వేసి, ఏడేళ్లు తిరిగి గెలిచింది. తీర్పులో 'ఖర్చులతో సహా' అని ఉందని ప్లీడరుగారు చెప్పగానే పాల లెక్క పుస్తకం తీసింది. వెనక పేజీల్లో కోర్టు పద్దంతా రాసిపెట్టుకుంది మహాతల్లి! బస్సు చార్జీలు, గుమాస్తా చేతిలో పెట్టిన ఇరవైలు, జిరాక్సులు, వాయిదా వాయిదాకీ ప్లీడరుగారికి ఇచ్చుకున్నవి, తాకట్టులో ఉన్న గాజుల మీద వడ్డీ...

డిక్రీలో ఖర్చుల పట్టిక చూశాం. కోర్టు ఫీజుంది, వకాల్తా స్టాంపుంది, నోటీసు ఖర్చుంది. ప్లీడరు ఫీజూ ఉంది గానీ అది పిన్ని ఇచ్చింది కాదు, రూల్సు ప్రకారం లెక్కగట్టింది. బస్సు లేదు, గాజులూ లేవు.

చట్టంలో దారి లేదా అంటే, ఉంది. 2002లో అమల్లోకొచ్చిన సవరణ ప్రకారం విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు. ఇచ్చినదానికి ఖర్చులూ వేయాలి. గెలిచినవాళ్లకు నిజంగా అయిన ఖర్చు దక్కాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కానీ అబద్ధమని తెలిసీ చేసిన వాదనకు పరిహారంగా వేసే ఖర్చుకు 1976 సవరణలో పెట్టిన హద్దు 3,000 రూపాయలు. మామూలు సివిల్ దావాల్లో ఇప్పటికీ అంతే. ఆ మాత్రం దానికి వదినగారిని ఏడేళ్లు తిప్పొచ్చంటే ఏ మరిదికి చేదు? ఒకసారి జ్వరమంటాడు, ఒకసారి మా ప్లీడరు వేరే కోర్టులో ఉన్నాడంటాడు. చేతిలో డబ్బాడని ఆడదే ముందు అలిసిపోతుందని వాళ్లకు తెలుసు. వాయిదా అడిగినవాడు ఎదుటివాళ్ల బస్సు చార్జీ, పోయిన కూలీ ఆ రోజే అక్కడే లెక్కపెట్టి ఇవ్వాలంటాను నేను.

ఇంకో సంగతి తల్చుకుంటే నాకే సిగ్గేస్తుంది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడర్ని పెట్టించుకునే హక్కుంది. కోర్టు ఫీజూ వాళ్లే చూసుకుంటారు. డిగ్రీ చదివిన నేను పిన్నికి తోడుగా ఎన్నిసార్లు వెళ్లానో! మేం కూర్చునే బెంచీ ఎదురుగానే ఆ బోర్డు ఉంది. ఒక్కనాడూ చదవలేదు.

ఇప్పుడు మరిది అప్పీలుకెళ్లాడు. ఈసారి ముందు ఆ గదిలోకే వెళ్దాం పిన్నీ అన్నాను. "ఫ్రీగా వచ్చే ప్లీడరు సరిగ్గా వాదిస్తాడంటావా?" అంది అనుమానంగా. డబ్బులు తీసుకున్నాయన ఏడేళ్లలో ఎన్నిసార్లు నోరు విప్పాడో ఆ పాల పుస్తకం తీసి చూడమన్నాను.